చిమ్మట చిరునామా

పెద్దసారు పళ్ళు కుట్టుకోవడానికి ఒకటో నంబరు సూది తీసుకున్నాడు.

చిమ్మటల రొమ్ములో గుచ్చే సూది అది. వెంట్రుకంత సన్నగా, నల్లగా ఉంటుంది. చీటీలమ్మ బల్ల మీద వంద సూదుల పొట్లం విప్పి ఉంది. ఆయన అడక్కుండానే అందులోంచి ఒకటి లాగి, వెనక పన్ను సందులో తిప్పి, కొసకు అంటుకున్నదాన్ని వెలుతురుకు ఎత్తి చూసుకుని, మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. పనయ్యాక ఆ సూదిని పొట్లంలోనే, మిగతావాటి మధ్య పడేశాడు. అది ఏదో ఇక తెలిసే దారి లేదు. వంద సూదులూ వేడినీళ్ళలో వెయ్యాల్సిందే అనుకుంది ఆమె.

మ్యూజియం మేడ మీద చివరి గది పురుగుల విభాగం. పెద్దసారు దానికి అధిపతి. ప్రతి పురుగు కిందా గుచ్చే చీటీ ఆమే రాస్తుంది గనుక బంట్రోతు దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆమె చీటీలమ్మే. గోరులో సగం ఉండే కాగితం ముక్క మీద పురుగు దొరికిన చోటు, తేదీ, పట్టినవాళ్ళ పేరు మూడు వరసల్లో రావాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలోకి వచ్చిన ప్రతి పురుగుకీ ఆమె చేతిరాతే.

"చీటీలమ్మా, నాలుగో బీరువా తియ్యండి. ఏడో సొరుగులో ఉన్న పన్నెండు చిమ్మటలూ బయట పెట్టండి," అన్నాడు పెద్దసారు.

నాలుగో బీరువా అంతా గడ్డి చిమ్మటలే. ఎండు గడ్డిపోచ రంగు, మూతి ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, రెక్క పొడుగునా ఒక తెల్లచార. అందులో ఒక ప్రజాతికి ఏడు సొరుగులు, ఎందుకంటే దానిలో ఏడు జాతులు. మొదటి ఆరూ గడ్డి మొలిచిన చోటల్లా కనిపిస్తాయి. ఏడోది మాత్రం ఏటి అవతలి బీట్లో తప్ప ఇంకెక్కడా దొరకలేదు. పైకి ఆరోదానికీ ఏడోదానికీ తేడా పట్టలేం. ఎండిన మగపురుగు పొట్ట కొస తుంచి, క్షారంలో వేడిచేసి, కొవ్వు కుంచెతో తుడిచి, గాజుపలక మీద పరిచి చూస్తే అప్పుడు తెలుస్తుంది. ఆరోదాని పొట్ట కొసన ఉండే కొక్కేనికి ఒకటే మొన. ఏడోదానికి రెండు.

ఆమె సొరుగు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెద్దసారు జేబులోంచి ఒక కాగితం తీసి దాని పక్కన పరిచాడు.

"పాత చీటీలు ఊడదీసి ఇవి గుచ్చండి."

"చిరిగాయా సార్?"

"చిరగలేదు. తప్పు పడ్డాయి."

ఆమె చదివింది. నాలుగింటికి ఉత్తరపు పీఠభూమి, నాలుగింటికి సముద్రపు ఇసకదిబ్బలు, నాలుగింటికి కనుమ అవతలి కొండ. తేదీలు పదకొండేళ్ళ నాటివి. పట్టినవారు వల మాస్టారు. పాత చీటీల మీద ఉన్నవి వేరేవాళ్ళ పేర్లు.

వల మాస్టారు ఆ మ్యూజియానికి ముప్పై ఏళ్ళు పురుగులు పట్టిపెట్టినవాడు. సూది ఎలా పట్టుకోవాలో ఆమెకు నేర్పింది ఆయనే. పోయి తొమ్మిదేళ్ళయింది.

"మాస్టారు ఆ కొండ ఎక్కలేదు సార్. ఆయనకి ఎత్తు పడదు. ఈ మేడ మెట్లెక్కితేనే కళ్ళు తిరుగుతున్నాయని కూర్చునేవారు."

"చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా. ఎక్కణ్ణుంచో చూసే ఉంటాడు లెండి," అని పెద్దసారు నవ్వాడు. నవ్వినప్పుడు ఆయన పళ్ళ సందులో ఇంకా ఏదో మిగిలే ఉంది.

విషయం ఆమెకు అర్థమైంది. ఏటి బీట్లో సిమెంటు ఫ్యాక్టరీ రావాలి. ఇంకెక్కడా బతకని ప్రాణి ఉన్న నేలను తవ్వకూడదని నిబంధన ఉంది. ఉన్న అడ్డల్లా ఈ బెత్తెడు లేని పురుగే. సోమవారం ఫ్యాక్టరీకి అనుమతిచ్చే కమిటీ పంపిన నిపుణురాలు వచ్చి సొరుగులు చూసుకుని, అది ఎక్కడెక్కడ ఉంటుందో రాసుకుపోతుంది. ఫ్యాక్టరీవాళ్ళు మ్యూజియానికి కొత్త భవనం కట్టిస్తామన్నారు. ఆ భవనం బొమ్మ అప్పుడే పెద్దసారు గదిలో గోడ మీద వేలాడుతోంది. దాని గుమ్మం దగ్గర ఒక పొట్టి మనిషి బొమ్మ కూడా ఉంది. అది తనేనని ఆయన అందరికీ చూపిస్తుంటాడు.

"కొత్త కాగితం మరీ తెల్లగా కొడుతుంది. టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టండి," అన్నాడు ఆయన వెళ్ళబోతూ. గుమ్మం దగ్గర ఆగాడు. "పర్మనెంటు చేసేవాళ్ళ లిస్టు పైకి పంపుతున్నాను. ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని మీరింకా టెంపరరీ అంటే నాకే సిగ్గుగా ఉంది."

ఆమె మూత గిన్నెలో డికాక్షన్ కాచింది. కాగితం ముంచింది. ఆరాక పన్నెండు ముక్కలు కోసింది. సన్న పాళీ ముంచి రాయడం మొదలుపెట్టింది. మాస్టారు పేరు దగ్గరికి వచ్చేసరికి పాళీ ఆగుతుందనుకుంది. ఆగలేదు. పన్నెండుసార్లు రాసినా ఒక్క అక్షరం వంకర పోలేదు. ఒక్కొక్క సూదికీ పాత చీటీ ఊడదీసి కొత్తది గుచ్చింది.

*

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కా కాలరు తిప్పుతోంది. డెబ్భై దాటినా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. నోరు కూడా ఆ సూదిలాంటిదే.

"స్టవ్వు మీద టీ ఉంది, పోసుకో," అంది.

ఆమె గ్లాసులో పోసుకుంది. ఆ రంగు చూసింది. గ్లాసు పక్కకు నెట్టేసింది.

"ఏమ్మాయ్, నా చేతి టీ ఇవాళ చేదయిందా?"

"అది కాదత్తయ్యా. వాసన పడటం లేదు."

"వాసన పడకపోవడానికి ఈ వయసులో కారణం ఏముంటుందే?" అని అత్తగారు మిషను ఆపి ఆమె మొహంలోకి చూసింది. "ఏం జరిగింది?"

ఆమె చెప్పింది. మొదట నీళ్ళు నమిలింది గానీ మొదలుపెట్టాక అంతా చెప్పేసింది. అత్తగారు దారం పంటితో తెంపుతూ విన్నది.

"చచ్చిపోయిన పురుగే కదా?"

"చచ్చిందే."

"నువ్వు పేరు రాసినాయన కూడా చచ్చినాయనే."

"అవును."

"మరి చచ్చినవాళ్ళ కోసం బతికున్న ఉద్యోగం పోగొట్టుకుంటావా? మీ ఆయన రైల్లో తిరిగి తిరిగి వారానికి రెండు రోజులు ఇంటికొస్తాడు. ఈ ఇల్లు నీ మీద నడుస్తోంది. పురుగు ఆ బీట్లో ఉంటే ఏం, ఈ కొండ మీద ఉంటే ఏం? దానికేమన్నా ఉత్తరాలొస్తాయా, చిరునామా తప్పు పడిందని ఏడవడానికి?"

ఆమెకు నవ్వొచ్చింది. అత్తగారు మాట్లాడితే ఎప్పుడూ అంతే, నవ్వు వస్తుంది. నవ్వకుండా లేచి వెళ్ళింది. రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంది. అన్నం కలుపుతుంటే వేళ్ళ దగ్గర ఇంకా డికాక్షన్ వాసనే వేసింది. రెండు ముద్దలు తిని లేచిపోయింది.

*

శుక్రవారం మధ్యాహ్నం పెద్దసారు మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో వేయించిన గింజల పొట్లం ఉంది. నములుతూనే మాట్లాడతాడు.

"గాజుపలకలు మర్చిపోయాం చీటీలమ్మా."

ఆమె మర్చిపోలేదు. ఆయనకు గుర్తు రాకపోతే బాగుండునని రెండు రోజులుగా అనుకుంటోంది. ఆ పన్నెండులో తొమ్మిదింటి పొట్టలు కోసి పలకలు చేశారు. పలక అంచున పురుగు నంబరు, దొరికిన చోటు ఉంటాయి. ఏటి బీడు అని, తొమ్మిదింటి మీదా, ఆమె చేతిరాతతోనే. ఏడో జాతికి ఉన్న పలకలు మొత్తం అవే.

"తియ్యండి."

ఆమె చెక్కపెట్టె తెచ్చింది. ఆయన ఒక పలక తీసి దీపానికి అడ్డం పెట్టి చూశాడు. జిగురు మధ్యలో ఆవగింజలో నాలుగో వంతు ఉండే కొక్కెం, దాని రెండు మొనలు. ఒక్కో పలక చెయ్యడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. ఊపిరి బిగబట్టి, కనురెప్పంత కుంచెతో ఒక్కొక్క పొలుసూ తొలగించి.

"అయ్యో," అని పెద్దసారు పలక వదిలేశాడు.

గచ్చు మీద అది పగిలిన చప్పుడు పెద్దగా రాలేదు. ఆయన రెండోది తీశాడు. "అయ్యో." మూడోది. ప్రతిసారీ "అయ్యో" అనడం మానలేదు, ఎవరో తలుపు చాటున వింటున్నట్టు. తొమ్మిదో దానికి విసుగొచ్చినట్టుంది, ఏమీ అనకుండానే వదిలాడు. తర్వాత చెప్పు మడమతో ముక్కలను ఒకసారి మెదిపాడు.

"ఇప్పుడిక ఏడోది అసలు ఉందో లేదో కూడా ఎవరికి తెలుసు? రెండు మొనలు చూసిందెవరు?" అని పొట్లం ముందుకు చాచాడు. "తింటారా?"

ఆయన వెళ్ళాక ఆమె చీపురు తెచ్చింది. గాజు పలుకులు చేటలోకి వచ్చాయి గానీ జిగురు గచ్చుకు అంటుకుపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని గోటితో గీకింది. జిగురుతో పాటు గింజ పొట్టు, ఆయన నోట్లోంచి రాలిన నమిలిన పలుకు ఒకటి, దాని పక్కన పురుగు పొట్ట ముక్క కలిసి గోటికి అంటుకున్నాయి. ఆమె లేచి పరిగెత్తి వాష్‌బేసిన్‌లో వాంతి చేసుకుంది.

నీళ్ళు తిప్పి, మొహం కడుక్కుని, అద్దంలో చూసుకుంది. ఆ మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది. ఆయనది కాదు, తనదే. గదిలోకి తిరిగొచ్చి మిగతా జిగురు కూడా గీకి శుభ్రం చేసింది. సాయంత్రం రిజిస్టరులో ఎప్పటిలాగే సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

*

సోమవారం వచ్చిన నిపుణురాలు సన్నగా, పొడుగ్గా ఉంది. భుజానికి గుడ్డసంచి, మెడలో తాడుకు కట్టిన భూతద్దం. పెద్దసారు కుర్చీ లాగి వేశాడు. ఆవిడ కూర్చోలేదు. నిలబడే ఏడో సొరుగు మూత తీసి, ఒక్కొక్క సూదీ ఎత్తి, చీటీని భూతద్దం కింద చదివి, నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది.

పెద్దసారు ఆవిడ వెనకే తిరుగుతూ పీఠభూమి గడ్డి గురించి, ఇసకదిబ్బల గాలి గురించి చెబుతూనే ఉన్నాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేదిలా ఉందని ముందు కాస్త జంకాడు గానీ, ఆవిడ ఏమీ అడక్కపోయేసరికి గొంతు పెరిగింది. చీటీలమ్మ తన బల్ల దగ్గర ఒక పురుగు రెక్కలు చెక్క మీద పరిచి, కాగితం పట్టీలతో అదిమి పెడుతోంది. చెవులు మాత్రం ఆ సొరుగు దగ్గరే ఉన్నాయి.

"గాజుపలకలు ఏవి?" అని నిపుణురాలు ఒక్కసారిగా అడిగింది.

"పోయిన వారం పెట్టె జారి పడింది మేడమ్. చాలా బాధపడ్డాం."

ఆవిడ కలం ఆగింది. మళ్ళీ కదిలింది. పన్నెండూ చూడటం అయ్యాక పుస్తకం మూసింది.

"పలకలు లేకపోవడం పెద్ద లోటే. కానీ ఇవి వల మాస్టారు పట్టినవి కాబట్టి నాకు సందేహం లేదు. నేను చదువుకునే రోజుల్లో మా దగ్గరికి ఈ మ్యూజియం నుంచి పురుగులు అరువుకొచ్చేవి. ఈ చేతిరాత, ఈ పేరు చూస్తే ఇక రెండోసారి వెతుక్కునేవాళ్ళం కాదు." ఆవిడ చీటీలమ్మ వైపు తిరిగి నవ్వింది. "మీదేనా ఈ రాత?"

"నాదే."

"కొండ మీదా, తీరంలోనూ కూడా ఉందంటే వ్యాప్తి ఎక్కువేనన్నమాట. అలాగే రాస్తాను."

పెద్దసారు చేతులు నలుపుకున్నాడు. ఆ చేతుల తడి చప్పుడు చీటీలమ్మకు వినిపించింది.

"అవి మాస్టారు పట్టినవి కావండీ," అంది ఆమె.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. లేచి నిలబడింది.

"ఏటి బీడువి. పోయిన బుధవారం నేను చీటీలు మార్చాను. పన్నెండూ."

పెద్దసారు గట్టిగా నవ్వాడు. "ఈవిడకి వారం నుంచి ఒంట్లో బాగోలేదు మేడమ్. శుక్రవారం వాంతులు కూడా అయ్యాయి. బంట్రోతును అడగండి కావాలంటే."

"అయ్యాయి," అంది ఆమె. బల్ల మీంచి చిన్న గాజు గిన్నె తీసుకుని అందులో మంచినీళ్ళు పోసింది. సొరుగు దగ్గరికి వచ్చి, ఒక సూది ఎత్తి, పట్టకారుతో చీటీని కిందికి లాగి నీళ్ళలో వేసింది. ముగ్గురూ వంగి చూశారు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత కాగితం అంచుల నుంచి గోధుమ రంగు పొగలా విడిపోవడం మొదలైంది. మెల్లగా గిన్నె అడుగంతా పరుచుకుంది. నల్ల సిరా అక్షరాలు కదలకుండా అలాగే ఉన్నాయి. కాగితం తెల్లబడింది.

నిపుణురాలు గిన్నె ఎత్తి వాసన చూసింది.

"టీ."

"డికాక్షన్. నేనే కాచాను."

"ఎవరు చెప్పారు?"

ఆమె పెద్దసారు వైపు చూపించలేదు. చూపించాల్సిన పని కూడా లేకపోయింది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన అప్పటికే, "నా పేరెత్తితే పరువునష్టం దావా వేస్తాను," అంటున్నాడు. నిపుణురాలు ఆయన మాట వినిపించుకోనట్టే ఉంది. గిన్నె బల్ల మీద పెట్టి, చీటీలమ్మను పైనుంచి కిందికి చూసింది. ఇందాకటి నవ్వు ఆ మొహంలో లేదు. చెప్పు కింద ఏదో తొక్కినట్టుంది ఆ చూపు.

"ఇవి కాకుండా ఇంకెన్ని?"

"ఇంకేమీ లేవండీ. ఇవే."

"ఈ బీరువాలన్నీ మీ రాతే కదా?"

"నాదే."

"ఇవేనని నేనెలా నమ్మాలి?"

ఆమె తల తిప్పింది. నాలుగో బీరువా, దాని పక్కన అయిదోది, కిటికీ దాకా వరసగా ఉన్న మిగతావన్నీ చూసింది. ఒక్కో సొరుగులో ఒక్కో వరసలో తను రాసిన ముక్కలు. వాటిలో ఏ ఒక్కదాని తరఫునా ఇప్పుడు తను మాట్లాడే వీలు లేదు.

*

పెద్దసారు మర్నాటి నుంచి సెలవు పెట్టాడు. వారం తిరక్కుండానే ఆయన్ను పాత నాణేల విభాగానికి మార్చారని తెలిసింది. అదే మేడలో, కింది అంతస్తులో. మెట్ల దగ్గర ఎదురైతే ఏమీ జరగనట్టే "బాగున్నారా చీటీలమ్మా?" అని అడిగాడు. ఆమె గోడకు ఒత్తుకుని, తన పైట ఆయనకు తగలకుండా చూసుకుంటూ పక్కకు జరిగి దారిచ్చింది.

ఆమెకు మెమో వచ్చింది. పర్మనెంటు లిస్టులోంచి పేరు కొట్టేశారు. ప్రతి సొరుగు మూత మీదా "చీటీలు సరిచూడాలి" అని ఎర్ర కాగితం అంటించారు. అంటించే పని కూడా ఆమెకే అప్పజెప్పారు. మూడు రోజులు పట్టింది.

"నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది?" అంది అత్తగారు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున ఆమె టీ పోసుకోకుండా మంచినీళ్ళు తాగి బయల్దేరుతుంటే, గుమ్మం దాకా వచ్చి వేడి పాలగ్లాసు చేతిలో పెట్టింది. "ఇదన్నా దిగుతుందా గొంతులోకి?" అని గదమాయించి లోపలికి పోయింది.

ఆ శుక్రవారం నిపుణురాలి దగ్గర్నుంచి కబురొచ్చింది. పలకలు లేవు. ఉన్న చీటీలు పనికిరావు. ఏటి బీట్లో పురుగును మళ్ళీ పట్టి కమిటీకి చూపిస్తే తప్ప ఏ సంగతీ తేలదు. పట్టిన పురుగును అక్కడికక్కడే గుచ్చేవాళ్ళు కావాలి. అందుకే ఆమెను రమ్మన్నారు.

ఆమె, నిపుణురాలు ఇద్దరూ జీపులో వంతెన దాటి వెళ్ళారు. బీడు ఆమె అనుకున్నంత పెద్దదేమీ కాదు. ఒక వైపు ఏరు, ఇంకో వైపు ఫ్యాక్టరీవాళ్ళు పాతిన రంగు కర్రలు, మధ్యలో మోకాలెత్తు ఎండుగడ్డి. పొద్దు వాలుతోంది.

"కాళ్ళతో గడ్డిని రాసుకుంటూ నడవండి. లేస్తాయి," అంది నిపుణురాలు.

ఆమె నడిచింది. పదడుగుల దాకా ఏమీ లేదు. తర్వాత పాదం ముందు ఏదో తెల్లగా చిమ్మినట్టు లేచి, జానెడు ఎగిరి, ఒక పోచ మీద తలకిందులుగా వాలింది. వాలగానే మాయమైంది. అక్కడే ఉందని తెలిసినా కనిపించదు. ఆమె వంగింది. రెక్కలు ఒంటికి చుట్టుకుని, ముక్కు పోచకు ఆనించి, పోచలో పోచలా ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె చూసినవన్నీ రెక్కలు చాచుకుని ఉన్నవే. చాచింది తనే. బతికి ఉండగా అది రెక్కలు ముడుచుకుని ఉంటుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

వల వెయ్యడం రాలేదు. మూడుసార్లు గడ్డి పీకింది. నాలుగోసారి మందు సీసా మూతి పోచ మీదుగా దించి మూసింది. నిపుణురాలు వచ్చి సీసా అందుకుంది. పురుగు కదలడం మానేశాక కాగితం మీద వేసి, పొట్ట కొస పొలుసులను కుంచెతో తుడిచి, ఇంకా మెత్తగా ఉన్న కొసను పట్టకారుతో నొక్కి కొక్కేన్ని బయటికి తెచ్చి, భూతద్దం ఆనించి చాలాసేపు చూసింది.

"రెండు," అంది.

చీటీలమ్మ జీపు బానెట్ మీద గుడ్డ పరిచి, సూది గుచ్చి, కాగితం ముక్క కోసుకుంది. చోటు రాసింది. తేదీ రాసింది. మూడో వరస దగ్గర ఆగింది.

"పట్టినవారు అన్నచోట మీ పేరు రాయనా అండీ?"

"నేనెక్కడ పట్టాను? పట్టింది మీరు."

ఆమె పాళీ పట్టుకుని అలాగే నిలబడింది. తన పేరు ఎన్ని అక్షరాలో, ఆ వరసలో పడుతుందో లేదో ఎప్పుడూ లెక్క వేసుకోలేదు.

"పూర్తిగా రాయాలా, పొడి అక్షరాలా?"

"పూర్తిగా రాయండి. రేపెవరైనా ఎవరు పట్టారని అడిగితే చెప్పాలిగా," అంది నిపుణురాలు. గొంతులో మెత్తదనం ఏమీ లేదు. "రాశాక ఇటివ్వండి. వెనక నేను సాక్షి సంతకం పెట్టాలి. ఇక మీద మీరు రాసే ప్రతి చీటీకీ అంతే. డైరెక్టరుగారితో మాట్లాడాను."

ఆమె మొహం వేడెక్కింది. తల వంచుకుని రాసింది. చివరి రెండు అక్షరాలు ఇరుకైపోయి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. మళ్ళీ రాస్తానని అడగబోయి ఊరుకుంది. సిరా ఆరేదాకా ఆగి చీటీ అందించింది. నిపుణురాలు దాన్ని తిరగేసి, అరచేతిలో పెట్టుకుని, సంతకం చేసి, ఇచ్చేసింది.

"వెలుతురు ఇంకో అరగంట ఉంటుంది. ఆ కర్రల వైపు చూద్దాం పదండి," అంది.

ఆమె చీటీని సూదికి ఎక్కించి, పెట్టె మూసి, సీసా తీసుకుని గడ్డిలోకి దిగింది.